మంచాల వకీలు

న్యూరాలజీ ప్రొఫెసరుగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. నోరున్నవాళ్ళు చెప్పేది ఆయన చెవికి సగమే ఎక్కుతుంది. నోరులేనివాళ్ళు చెప్పేది మాత్రం పొల్లుపోకుండా వినిపిస్తుంది.

నోరులేనివాళ్ళంటే పసిపిల్లలూ పశువులూ కాదు. ఐసీయూలో స్పృహ తెలియకుండా పడివున్నవాళ్ళు. గొంతులో గొట్టం, కళ్ళమీద తడిదూది, తలవైపున పచ్చటి గీతలు పాకే తెర. ఛాతీ లేచి పడుతుంటే ఆ ఊపిరి మనిషిదో మిషనుదో చూసేవాళ్ళకి తెలియదు. అలాంటి మంచం దగ్గరికొచ్చి ప్రొఫెసరుగారు కాళ్ళవైపు కమ్మీమీద వేలికణుపుతో టకటకా కొట్టేవారు, అచ్చం పక్కింటి తలుపు తట్టినట్టు. "లోపలికి రావచ్చా అండీ?" అనేవారు. అని, ఆగేవారు. మెడ కాస్త వంచి, కళ్ళు సగం మూసి, అవతలి మనిషి గొంతు సవరించుకుని జవాబు చెప్పేంతసేపు ఆగేవారు. అసలు భయమంతా ఆ ఆగడంలోనే ఉండేది. వెనకాల నిలబడ్డ పీజీలు, అంటే డాక్టరీ పాసై మళ్ళీ పెద్ద డాక్టరీ చదువుతున్న పిల్లలు, తమకి తెలియకుండానే ఊపిరి బిగబట్టి జవాబుకోసం చెవులు రిక్కించేవాళ్ళు.

"రమ్మంటున్నారు, పదండి," అని అప్పుడు ఆయన అడుగు ముందుకేసేవారు.

అంతటితో ఆగితే పోనీలే, పెద్దమనిషి మర్యాద అనుకోవచ్చు. దగ్గరికి వెళ్ళాక కబుర్లు మొదలయ్యేవి.

"నిద్ర పట్టిందా? ఆఁ? అవునవును, ఆ మిషను మోత నాకూ చిరాకే. ఎవరూ? ఈ కళ్ళజోడు అబ్బాయా? ఉండండి, అడుగుతాను." గిర్రున వెనక్కి తిరిగేవారు. "ఏమయ్యా, నిన్న ఈవిడ మంచమ్మీద కూర్చుని బిస్కెట్లు తిన్నావట?"

"నేనా సార్?"

"పొడంతా దుప్పట్లో పడిందట. గుచ్చుకుంటోందంటున్నారు. దులుపు."

కళ్ళజోడు కుర్రాడి ముఖంలో నెత్తురుచుక్క ఉండేది కాదు. తిన్నమాట నిజం. తిన్నప్పుడు ఆ అరలో తెర మూసే ఉంది. లోపల ఉన్నది తనూ, వచ్చిందగ్గర్నుంచీ కన్ను తెరవని ఆ ముసలమ్మా, అంతే.

అలా మంచాల తరఫున వాదిస్తాడు గనక పీజీలు ఆయనకి మంచాల వకీలని పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టుకుని నవ్వుకున్నారు గాని, ఐసీయూలో ఒంటరిగా ఉండాల్సి వచ్చినప్పుడు ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఆ గదికి కిటికీల్లేవు. మిట్టమధ్యాహ్నమైనా అదే పాచిరంగు వెలుతురు. మంచాలన్నీ ఒకే మిషను పాటకి ఊపిరి పీల్చి ఒకేసారి వదులుతుంటే, గది మొత్తం ఒక్క మనిషై నిద్రపోతున్నట్టుండేది. ఆ మనిషి నిద్ర నటిస్తున్నాడని, అన్నీ విని వకీలుకి చేరవేస్తాడని తెలిశాక, ఎవరికైనా వీపు జలదరించదా?

దీనికి తోడు ఆ మఫ్లరు. ఎండలకి రోడ్డుమీద తారు కరుగుతున్నా సరే, ప్రొఫెసరుగారి మెడకి బూడిదరంగు మఫ్లరు రెండు చుట్లు చుట్టి ఉండాల్సిందే. దాని కింద ఏముందో చూసినవాళ్ళు లేరు. చూడనివాళ్ళు చెప్పిన కథలు మాత్రం బోలెడు. కుర్రతనంలో ఉరేసుకుంటే తాడు తెగిందని ఒక కథ. అసలు తెగలేదని ఇంకో కథ. తల ఒకరిది, మొండెం ఇంకొకరిది, మధ్యలో కుట్లున్నాయని కళ్ళజోడు కుర్రాడు ప్రమాణం చేసి చెప్పేవాడు.

మన డాక్టరమ్మ ఈ ఐసీయూ పోస్టింగుకి వచ్చింది రెండో ఏట. న్యూరాలజీ పీజీ అంటే కాలు ఒకచోట నిలవని బతుకు. పక్షవాతం వార్డులో కొన్నాళ్ళు, మూర్ఛల క్లినిక్కులో కొన్నాళ్ళు, పిల్లల విభాగం, పిచ్చాసుపత్రి, నరాల్లో కరెంటు పంపి చూసే గది. ఒకచోట మొహాలు గుర్తుపట్టేలోగా ఇంకోచోటికి తరిమేస్తారు. డ్యూటీలకి మొదలుంటుంది గాని చివరుండదు. నిద్రలేని మనిషిని లారీ తోలనివ్వం. అదే మనిషి చేతికి ఇంకో మనిషి ప్రాణం ఇచ్చి, చదువుకుంటున్నావు కదమ్మా, ఓర్చుకో అంటాం. ఈ ఏర్పాటు చేసినవాళ్ళు మాత్రం వేళకి తిని వేళకి పడుకుంటారు.

వచ్చిన రోజే ఆవిడకి వకీలుగారి దెబ్బ తగిలింది. మూడో మంచావిడ మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది. వెనకనుంచి గొంతు.

"అమ్మాయ్, నీ చేతులు ఐసుముక్కల్లా ఉన్నాయట."

డాక్టరమ్మ ఉలిక్కిపడింది. "ఎవరన్నారు సార్?"

"నువ్వు చెయ్యి పట్టుకున్నావే, ఆవిడే. ముట్టుకునేముందు కాస్త రుద్దుకోకూడదా అంటున్నారు."

డాక్టరమ్మ చేతులు పుట్టినప్పట్నుంచీ అంతే. వాళ్ళమ్మ కూడా అదే మాట అంటుంది. కాని మూడో మంచావిడ అనడం ఇదే మొదటిసారి. ఆవేళనుంచీ డాక్టరమ్మ ఏ మంచం దగ్గరికి వెళ్ళేముందైనా చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది. దేవుడి ముందు దండం పెట్టబోతోందేమో అనుకుని పక్కన సిస్టరు కూడా లేచి నిలబడేది.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. ఒక మధ్యాహ్నం ఐసీయూ మూలన నిలబడి వాళ్ళమ్మతో ఫోనులో గుసగుసగా పోట్లాడింది. పక్కనున్నది మూడో మంచం ఒక్కటే. మర్నాడు రౌండ్స్‌లో వకీలుగారు కమ్మీ తట్టి, ఆగి, విని, తలాడించి డాక్టరమ్మ వైపు తిరిగారు.

"పెళ్ళి ఇప్పుడే వద్దన్నావటగా మీ అమ్మతో?"

డాక్టరమ్మ కళ్ళు మూడో మంచం వైపు తిరిగాయి. ఆవిడ కళ్ళమీద తడిదూది అలాగే ఉంది.

"భయపడకు," అన్నారు వకీలుగారు. "ఆవిడ నీ పక్షమే. చదువైపోనివ్వమంటున్నారు."

ఆ సాయంత్రం మందుల గది దగ్గర సీనియర్‌ని పట్టుకుంది. సీనియర్ చివరి ఏటి పీజీ. వకీలుగారి గొంతు అచ్చుగుద్దినట్టు అనుకరించడం అతని విద్య. "అన్నా, సార్‌కి ఎలా తెలుస్తున్నాయి ఇవన్నీ?"

"నాకేం తెలుసు? ఆ గదిలో నేను అమ్మానాన్నల గురించి మాట్లాడను, ప్రేమ గురించి మాట్లాడను, జీతం గురించి అసలే మాట్లాడను. మొన్న నా లంచ్ డబ్బా మూత కూడా బయటికొచ్చి తీశాను. నువ్వూ అలాగే బతుకు."

ఇక ఎలెక్టివ్ గొడవ. పీజీలకి చదువు మధ్యలో కొన్ని వారాలు తమకిష్టమైన చోటికి వెళ్ళి నేర్చుకునే వీలుంటుంది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి తీగ పంపి మెదడులో అడ్డుపడ్డ నెత్తురుగడ్డ లాగేసే చోటుకి వెళ్ళాలని డాక్టరమ్మ కోరిక. అక్కడ సీటు దొరికింది. కావాల్సిందల్లా వకీలుగారి సంతకం.

"వెళ్ళు, మంచిదే," అన్నారాయన పెన్ను మూత తీస్తూ. తీసి, మళ్ళీ పెట్టేశారు. "ఐదో మంచాయన్ని అడిగావా?"

"ఆయన్నెందుకు సార్?"

"నువ్వు చూస్తున్న పేషెంటు కదా. వదిలి వెళ్ళేముందు ఒకమాట అడగొద్దూ?"

ఐదో మంచాయన ఇళ్ళు కట్టే చోట ఇటుకలు మోసే మనిషి. మేస్త్రీ ఆటోలో వేసుకొచ్చి ఆసుపత్రి గేటు దగ్గర దింపేసరికి ఊపిరి అందడంలేదు. లోపలికి తెచ్చేలోగా గుండె ఆగింది. ఛాతీ నొక్కి నొక్కి గుండెని వెనక్కి తెచ్చారు గాని మనిషి వెనక్కి రాలేదు. కన్ను కదలదు, వేలు కదలదు, గిచ్చినా ఉలకడు, టార్చి వేసినా కనుపాప చలించదు. ఏమైందని అడిగితే, "తాగి పడిపోయాడు," అన్నాడు మేస్త్రీ. కేస్ షీటులో అదే ఎక్కింది. ఊపిరాడక మెదడు పోయింది, ఇక ఇంతే అని ఆయన తలమీదుగానే అందరూ చెప్పుకున్నారు. మెదడు స్కాను మాత్రం శుభ్రంగా ఉంది. అదే వకీలుగారికి మొదట్నుంచీ అనుమానంగా ఉంది. "స్కాను ఒకటి చెబుతోంది, మేస్త్రీ ఒకటి చెబుతున్నాడు. ఈయన ఏదో మూడోది చెబుతున్నాడు," అనేవారు.

డాక్టరమ్మ ఐదో మంచం దగ్గరికి వెళ్ళింది. అటూ ఇటూ చూసింది. సిస్టరు వీపు ఇటుంది. చేతులు రుద్దుకుంది. కమ్మీమీద మెల్లగా తట్టింది.

"అదేనండీ... నేను ఎలెక్టివ్‌కి వెళ్ళాలనుకుంటున్నాను. వెళ్ళనా?"

మిషను ఉస్సుమని నిట్టూర్చింది. ఛాతీ లేచింది, పడింది. తడిదూది కింద కళ్ళు ఎటు చూస్తున్నాయో. ఇటే చూస్తున్నాయన్న ఊహ రాగానే ఆవిడ మెడమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పెద్ద అంగలు వేస్తూ బయటపడింది.

"ఏమన్నారు?" అడిగారు వకీలుగారు.

"ఏమీ అనలేదు సార్."

"అయితే ఆలోచిస్తున్నారు. తొందరపెట్టకు."

అప్పట్నుంచీ సంతకం అడిగినప్పుడల్లా ఇదే తంతు. అడిగిరా, అడిగాను సార్, ఏమన్నారు, ఏమీ అనలేదు సార్, అయితే ఆలోచిస్తున్నారు. గడువు దగ్గరపడుతోంది. ఇటుకలు మోసే మనిషి మెదడులో తన భవిష్యత్తు ఇరుక్కుపోయిందని డాక్టరమ్మ సిస్టరు దగ్గర వాపోయేది. "మరీ మొహమాటంగా అడుగుతున్నారేమో, కాస్త గట్టిగా అడగండి," అనేది సిస్టరు.

ఇంతలో సూపరింటెండెంటు రంగంలోకి దిగాడు. ఎవరో పెద్దాయన బావమరిదికి ఐసీయూ మంచం కావాలి. ఐదో మంచం ఉత్తపుణ్యానికి నిండి ఉందని ఆయన లెక్క. మెదడు పూర్తిగా పోయిందని పరీక్షచేసి తేల్చేస్తే మిషను తీసేయవచ్చు. మంచం ఖాళీ అవుతుంది.

"ఇంకొన్నాళ్ళు చూద్దాం. ఆయన ఏదో చెప్పాలంటున్నాడు," అన్నారు వకీలుగారు.

"ఎవరికి చెప్పాలట? ఏం చెప్పాలట? మీకే చెబుతాడా, మాకూ చెబుతాడా?"

"మీరడగలేదు కదా."

సరిగ్గా అప్పుడే వకీలుగారికి వేరే కాలేజీలో పరీక్షలు పెట్టే పని పడింది. వెళ్తూ వెళ్తూ డాక్టరమ్మని పిలిచారు. "తిరిగొచ్చేదాకా ఐదో మంచానికి నువ్వే వకీలువి."

"నాకేం వినపడదు సార్!"

"వినపడక్కర్లేదు. అడుగు, అడిగి ఆగు. చాలామంది అడుగుతారమ్మాయ్, ఆగరు." మఫ్లరు సర్దుకుని వెళ్ళిపోయారు.

ఆయన కారు గేటు దాటిందో లేదో సూపరింటెండెంటు కబురొచ్చింది. మధ్యాహ్నమే ఐదో మంచానికి మెదడు గీతలు తీయాలి, అంటే ఈఈజీ. గీతలు చదివి, మెదడు పోయిందని డాక్టరమ్మా సీనియరూ రాసిస్తే సాయంత్రానికి ఆయన మనుషులతో వస్తాడు.

ఈఈజీ యంత్రాన్ని తోసుకుంటూ తీగలాయన వచ్చాడు. ఆయన సన్నగా, తన తీగల్లాగే ఉంటాడు. ఐదో మంచాయన తలనిండా తీగలు అతికించాడు. తెరమీద గీతలు పాకడం మొదలైంది. కొన్ని సన్నటి అలలు, ఒకే తీరుగా, ఒకే ఎత్తులో.

"కళ్ళు మూసుకుని మెలకువగా ఉన్న మనిషి గీతల్లా ఉన్నాయే?" అంది డాక్టరమ్మ.

"మోసపోకు," అన్నాడు సీనియర్. "గుండె ఆగి మెదడు దెబ్బతిన్నవాళ్ళకీ ఒక్కోసారి ఇలాగే వస్తాయి. కాని అవి చచ్చిన అలలు. పిలిచినా గిచ్చినా మారవు. రాసేద్దాం పద, నాకు నిద్రొస్తోంది."

నిద్రలేమికి ఒక గుణముంది, ఏడుపు రావాల్సినచోట నవ్వొస్తుంది. సీనియర్ పక్క మంచం మీది తువ్వాలు లాగి మెడకి రెండు చుట్లు చుట్టుకున్నాడు. కమ్మీ తట్టాడు. మెడ వంచాడు. "లోపలికి రావచ్చా అండీ? ఆఁ? ఈ అమ్మాయి చేతులా? అవునవును, ఐసు, ఐసు." వకీలుగారే దిగివచ్చినట్టుంది. తీగలాయన పగలబడి నవ్వాడు. డాక్టరమ్మకి కూడా నవ్వాగలేదు. నవ్వుతూనే తడిదూది తీసి, ఐదో మంచాయన రెండు రెప్పలూ వేళ్ళతో పైకెత్తింది.

"ఏదీ, మీరే చెప్పండి, ఈయనకి మఫ్లరు నప్పిందా?"

తెరమీద అలలు ఆగిపోయాయి.

తీగలాయన నవ్వు సగంలో తెగింది. "తీగ ఊడినట్టుంది మేడం." తడిమి చూశాడు. ఊడలేదు. డాక్టరమ్మ వేళ్ళు వదిలింది. రెప్పలు పడ్డాయి. అలలు మళ్ళీ వచ్చాయి, ఏమీ జరగనట్టు, ఒకే తీరుగా, ఒకే ఎత్తులో.

గదిలో మంచాలన్నీ ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలాయి.

"ఇంకోసారి తెరవండి," అన్నాడు తీగలాయన.

తెరిచింది. అలలు పోయాయి. మూసింది. వచ్చాయి. తెరిచింది. పోయాయి. చూపులేని చూపు ఆవిడ భుజంమీదుగా సీనియర్ తువ్వాలువైపే ఉంది. సీనియర్ ఆ తువ్వాలు మెల్లగా విప్పి, మడతపెట్టి, ఎక్కడ తీశాడో అక్కడ పెట్టాడు. పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు, హెడ్‌మాస్టరు ముందు నిలబడ్డట్టు.

"వెలుతురుకి అలా అవుతుందేమో అన్నా?" అంది డాక్టరమ్మ.

"అయినా చూసే మెదడుకే అవుతుంది." సీనియర్ తెరవైపు వంగాడు. "కళ్ళు మూసే ఉంచి ఏదైనా ఆలోచించమను. ఆలోచనకి కూడా ఆ అలలు చెదరాలి."

"ఏం ఆలోచించమనను?"

"ఏదో ఒకటి! లెక్క చెప్పు."

డాక్టరమ్మ చెవిదగ్గరికి వంగింది. లెక్కేదీ గుర్తురాలేదు. నోటికొచ్చింది అనేసింది. "ఏమండీ, వినపడుతోందా? మిమ్మల్ని గేటు దగ్గర దింపిపోయిన ఆ మేస్త్రీ, మీరు తాగి పడిపోయారని చెప్పాడు. వాణ్ణి మీ ఇష్టమొచ్చినట్టు మనసులో తిట్టండి."

అని, ఆగింది.

అలలు చెదిరిపోయాయి. అలా చెదిరే ఉన్నాయి. తీగలాయన తెరవైపు చూస్తూ, "తిడుతున్నాడు," అన్నాడు. కాసేపయ్యాక, "ఇంకా తిడుతున్నాడు," అన్నాడు. ఇంకాసేపయ్యాక భయభక్తులతో, "మేడం, ఈయన దగ్గర చాలా సరుకుంది," అన్నాడు.

"చాలండీ, ఇక ఆపండి. కాస్త విశ్రాంతిగా ఉండండి," అంది డాక్టరమ్మ.

ఒక్కొక్క అలే వెనక్కి వచ్చింది, రొప్పు తీర్చుకుంటున్నట్టు.

ఇన్నాళ్ళూ ఈ మంచం పక్కన ఎవరెవరు ఏమేం అన్నారో ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. ఇక ఇంతే. ఉత్తపుణ్యానికి నిండింది. సాయంత్రానికి ఖాళీ. చేతులు ఎప్పటికన్నా చల్లబడిపోయాయి. పరుగున బయటికి వెళ్ళింది.

తలుపు బయట బెంచీమీద ఐదో మంచాయన చెల్లెలు కూర్చుని ఉంది. అన్నతోపాటు అక్కడే ఇసుక జల్లెడ పడుతుంది. ఆసుపత్రిలో చేర్చిన రోజునుంచీ ఆ బెంచీ వదల్లేదు. డాక్టరు పరిగెత్తుకు రావడం చూసి లేచి గోడకి అతుక్కుపోయింది.

"పోయాడా మేడం?"

"లేదు లేదు, కూర్చో. మీ అన్నకి దీనికి ముందు ఏమైంది? మొదట్నుంచీ చెప్పు."

"పాదాలు మొద్దుబారాయన్నాడు. మర్నాటికి మోకాళ్ళు పట్టు తప్పాయి. ఆ తర్వాత చేతిలో ఇటుక నిలవలేదు మేడం, జారి పడింది. తాగొచ్చావురా అని మేస్త్రీ తిట్టాడు. మా అన్న ముట్టడు. చివరికి మింగుడు పడలేదు, ఊపిరందలేదు."

కిందనుంచి పైకి పాకే పక్షవాతం. మెదడుకి ఏమీ కాదు, మెదడునుంచి బయటికొచ్చే నరాలన్నీ పడిపోతాయి. మనిషి లోపల మెలకువగా ఉంటాడు, బయటికొచ్చే తలుపులన్నీ మూసుకుపోతాయి. మందుంది. నెలలు పడుతుంది గాని, తిరిగొస్తారు. వైద్యవిద్యార్థులందరూ చదివే పాఠమే ఇది.

"ఈ సంగతి ఎవరూ అడగలేదా?" అంది డాక్టరమ్మ.

"అడిగారు మేడం," అంది చెల్లెలు. "మేస్త్రీని."

సాయంత్రం సూపరింటెండెంటు మనుషులతో వచ్చేసరికి ఐదో మంచం కమ్మీకి అడ్డంగా డాక్టరమ్మ నిలబడి ఉంది. పక్కన సీనియర్. వెనకాల తీగలాయన తన యంత్రాన్ని పిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"రాశారా?" అన్నాడు సూపరింటెండెంటు.

"లేదు సార్. ఐదో మంచాయన ఒప్పుకోవడంలేదు."

"అయిపోయింది! నీకూ అంటుకుందా ఆ జబ్బు?"

"మీరే అడగండి సార్. కమ్మీ తట్టి అడగండి."

ఎగతాళిగా ఆయన కమ్మీమీద ఒక్కటి కొట్టాడు. "ఏమయ్యా, ఉన్నావా?" డాక్టరమ్మ రెండు రెప్పలూ ఎత్తింది. ఆ కళ్ళు తిన్నగా సూపరింటెండెంటు ముఖంలోకి తెరుచుకున్నాయి. తెరమీద అలలు చప్పున ఆగిపోయాయి. రెప్పలు వాలితే వచ్చాయి. ఎత్తితే మళ్ళీ ఆగాయి. అదేమిటో సీనియర్ మెల్లగా విడమరిచి చెప్పాడు. తీగలాయన, "కావాలంటే మిమ్మల్ని కూడా తిట్టమందాం సార్, తెలిసిపోతుంది," అని సాయంగా ఒక మాట వేశాడు.

సూపరింటెండెంటు ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దొద్దు," అన్నాడు. తర్వాత ఎవరితో అంటున్నాడో తనకే తెలియకుండా, "ఏమనుకోకండి, ఇబ్బంది పెట్టాం," అని, వచ్చిన మనుషుల్ని వెంటేసుకుని వెళ్ళిపోయాడు. బావమరిదికి ఇంకెక్కడో మంచం దొరికింది. అలాంటివాళ్ళకి ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటుంది.

వకీలుగారు తిరిగొచ్చాక అంతా విన్నారు. ఆశ్చర్యపోలేదు. కమ్మీ తట్టి, "చెప్పారటగా!" అన్నారు, అంతే. మందులు మొదలయ్యాయి. నెత్తురులో ద్రవం మార్చారు. గొంతు ముందు చిన్న రంధ్రం చేసి ఊపిరి గొట్టం అక్కడ పెట్టారు. ఎలెక్టివ్ గడువు వచ్చింది, పోయింది. డాక్టరమ్మ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆవిడకి వేరే పని ఉంది. రోజూ వచ్చి ఐదో మంచాయనకి ఇవాళ ఏ వారమో, బయట వానో ఎండో, చెల్లెలు అన్నం తిన్నదో లేదో చెప్పేది. చెప్పి ఆగేది. ఒకరోజు అలా ఆగినప్పుడు కుడి రెప్ప చీమ పాకినంత కదిలింది. ఆ రోజు సిస్టరు, తీగలాయన, సీనియర్ అంతా చుట్టూచేరి ఆ రెప్పని మళ్ళీ మళ్ళీ కదిలించమని వేధిస్తే, వకీలుగారొచ్చి, "ఆయన తమాషా బొమ్మ కాదంటున్నారు," అని అందర్నీ తరిమేశారు.

వారాలు గడిచాయి. రెప్పల తర్వాత పెదాలు, వేళ్ళు. మిషను లేకుండా ఊపిరి. ఇక గొంతు దగ్గర రంధ్రం మూయాల్సిన రోజు దగ్గరికొచ్చింది. అద్దంలో దాన్ని చూసుకున్న దగ్గర్నుంచీ ఐదో మంచాయన ముఖం తిప్పేసుకుంటున్నాడు. వకీలుగారు వచ్చారు. కమ్మీ తట్టారు. ఈసారి ఐదో మంచాయన నిజంగానే తలాడించాడు. దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చుని, పీజీలందరూ చూస్తుండగా, వకీలుగారు మఫ్లరు విప్పారు. ఒక చుట్టు. రెండో చుట్టు. కళ్ళజోడు కుర్రాడు కళ్ళు మూసేసుకున్నాడు.

కుట్లూ లేవు, తాడు గుర్తూ లేదు. గొంతు గుంటలో, సరిగ్గా ఐదో మంచాయన గొట్టం ఉన్న చోటే, ముడతపడ్డ చిన్న పాత మచ్చ.

"ఇదిగో, ఇలా మానుతుంది," అన్నారు వకీలుగారు. "మీది ఇంతకన్నా బాగుంటుంది లెండి. నాకు కోసినవాడు మరీ మొరటు."

బయటికొచ్చాక డాక్టరమ్మ ఆగలేకపోయింది. "మీకూ ఇదే జబ్బా సార్?"

"పీజీగా ఉన్నప్పుడు. ఈ ఐసీయూలోనే. అయినా బయట కూర్చున్న చెల్లెల్ని అడగాలని నాకూ తట్టలేదు చూడు."

"అయితే మీకు... నిజంగా వినపడవా వాళ్ళ మాటలు?"

"నాకెలా వినపడతాయమ్మాయ్? పిచ్చా?" అని ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. "నేను అలా పడివున్నప్పుడు నా చుట్టూ ఏం జరిగేదో అదే చెబుతుంటాను. పీజీలు మారారు గాని బిస్కెట్లు మారలేదు. చల్లచేతులవాళ్ళు ప్రతి బ్యాచిలో ఒకరుంటారు. నువ్వు మూలన ఫోనులో 'అమ్మా, అమ్మా' అంటూ గింజుకోవడం తలుపు దగ్గర్నుంచి చూశాను. నీ వయసు పిల్ల అమ్మతో ఇంకెందుకు పోట్లాడుతుంది?"

"మరి ఆ ఆగడం?"

"అది నాది కాదు. నేల ఊడ్చే ఆవిడది. అందరూ నామీదుగా మాట్లాడేవాళ్ళు. ఆవిడ ఒక్కతే, 'కాస్త జరగండి బాబూ' అనేది. జరగలేనని తెలుసు. అయినా అని, చీపురు పట్టుకుని ఆగేది. ఆ ఆగినంతసేపూ నేను మనిషిని." మఫ్లరు మళ్ళీ చుట్టుకున్నారు. "రోజూ జరగడానికే ప్రయత్నించేవాణ్ణి. ఒకరోజు జరిగాను. ఆవిడ చీపురు పారేసి పారిపోయింది."

గొట్టం తీసి, గొంతుమీద పట్టీ వేసిన రోజు ఐదో మంచం చుట్టూ అందరూ చేరారు. తొలిమాట ఏమంటాడోనని చెల్లెలు అన్న చేయి పట్టుకుని కూర్చుంది. మేస్త్రీమీద మిగిలిన సరుకు బయటికొస్తుందని తీగలాయన ఆశ. ఐదో మంచాయన పెదాలు తడుపుకున్నాడు. కళ్ళు మెల్లగా తిప్పి డాక్టరమ్మ దగ్గర ఆపాడు. గొంతు తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంది.

"వెళ్ళండి మేడం."

అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "ఎక్కడికండీ?" అంది డాక్టరమ్మ.

"అడిగారుగా. వెళ్ళనా అని." ఊపిరి తీసుకున్నాడు. "అడిగిన ప్రతిసారీ చెప్పాను, వెళ్ళండని. మీకే వినపళ్ళేదు."

వకీలుగారు జేబులోంచి పెన్ను తీశారు.

"ఒప్పుకుంటున్నారు," అన్నారు. "గడువు సంగతి అక్కడివాళ్ళతో నేను మాట్లాడతాను. ఇంకేమన్నా చెప్పాలా అండీ?" అని మెడ వంచి ఆగారు.

ఐదో మంచాయన మొహమాటంగా చెల్లెలివైపు చూశాడు, సిస్టరు వైపు చూశాడు.

"ఏమీ అనుకోకపోతే..." అన్నాడు. "ఆ చేతులు కాస్త..."

డాక్టరమ్మ రెండు చేతులూ కోటు జేబుల్లో దాచేసుకుంది.